డిసెంబర్రావు

ఆయన అసలు పేరు వేరు. డాలస్ పక్కన ఫ్రిస్కోలో మా వీధి తెలుగువాళ్ళం పెట్టుకున్న పేరిది. జనవరి నుంచి నవంబరు దాకా తనకు పళ్ళున్న సంగతే ఆయనకు గుర్తుండదు. థాంక్స్‌గివింగ్ రాత్రి ఊరంతా టీవీల మీద తగ్గింపులు వెతుక్కుంటుంటే, ఈయన డెంటల్ ఇన్సూరెన్స్ సైటు తెరుస్తాడు. ఈ ఏడాది వాడుకోవడానికి ఇంకా 1,500 డాలర్లు మిగిలి ఉన్నట్టు కనిపిస్తుంది. ఇక ఆ రాత్రికి నిద్ర లేదు.

ఇంట్లో నలుగురు. నాలుగు పదిహేను వందలు ఆరు వేలు. రూపాయల్లో అయిదు లక్షల పైమాటే. అమెరికా వచ్చి ఇరవై ఏళ్ళయినా, చేజారిపోయే డబ్బును మాత్రం ఆయన రూపాయల్లోనే లెక్క కడతాడు. అప్పుడే బాధ సరిగ్గా తెలుస్తుందట.

"డిసెంబరు 31 రాత్రి పన్నెండు కొట్టిందా, అంతా సున్నా! ఒక్క డాలరు కూడా వచ్చే ఏడాదికి రాదు తమ్ముడూ."

"అది మీ డబ్బు కాదు కదండీ. అవసరం పడితే అంతవరకు ఇస్తామని వాళ్ళు గీసిన గీత."

"చదివింపులు చదివించి, భోజనం చేయకుండా వచ్చేస్తామా?"

రెండు వారాలకోసారి జీతంలో కోసే ప్రీమియం ఆయన దృష్టిలో చదివింపు. అలా చూస్తే మరి విస్తరి ముందు కూర్చోవాల్సిందే.

ఇక్కడి దంత బీమా భోజనం కూడా వరసలోనే వడ్డిస్తారు. క్లీనింగ్, ఎక్స్‌రేలకు నూటికి నూరు, ఫిల్లింగుకు ఎనభై, క్రౌనుకు యాభై. అందరి ప్లానూ ఇలాగే ఉండదు గానీ, చాలావాటి పోలిక ఇదే. పైగా మనిషికి యాభై డాలర్ల డిడక్టిబుల్, అంటే ముందు మన జేబులోంచి పెట్టుకోవాల్సింది. ఇక్కడి దంత బీమా 1954లో పశ్చిమ తీరపు రేవు కార్మికుల యూనియన్ తమ పిల్లల పళ్ళ కోసం సాధించుకున్న పథకాలతో మొదలైంది. 1970ల నాటి వెయ్యి డాలర్ల పరిమితి చాలా ప్లాన్లలో ఇప్పటికీ వెయ్యి, పదిహేను వందల దగ్గరే తచ్చాడుతోంది. డిసెంబర్రావు ఈ చరిత్రంతా ప్రతి పాట్‌లక్కులోనూ చెబుతాడు, మనం నోట్లో మైసూర్‌పాక్ పెట్టుకునే సమయం చూసి మరీ.

మొన్న డిసెంబరు మొదటి వారంలో కుటుంబాన్ని వెంటబెట్టుకుని తెలుగు డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాడు. అపాయింట్‌మెంట్ దొరకడమే గగనం. ఊళ్ళో డిసెంబర్రావులు ఈయనొక్కడే కాదు మరి. డాక్టరమ్మ ఎక్స్‌రేలు చూసి, అద్దం పెట్టి నోరంతా వెతికి, "మీ పళ్ళు చాలా బాగున్నాయండీ" అంది. పరీక్ష తప్పిన కుర్రాడిలా మొహం వేలాడేశాడట. కూరల కొట్లో పుచ్చు వంకాయను పది అడుగుల దూరం నుంచి పట్టేసే మనిషి. సొంత నోట్లో ఒక్క పుచ్చు దొరక్కపోతే ఎంత అవమానం!

"వెనకాల కుడివైపు మరొకసారి చూడండి మేడం. ఎందుకో జివ్వుమంటోంది."

"ఎప్పటి నుంచి?"

"ఇప్పుడే."

ఆవిడ జాలిపడి, రాత్రిళ్ళు పళ్ళు కొరుకుతారా అని అడిగింది. డిసెంబరులో మాత్రమే అని పక్కనుంచి భార్య జవాబు. అలా నైట్ గార్డు ఒకటి దక్కింది. క్లీనింగు, ఎక్స్‌రేలు, గార్డు అన్నీ కలిపినా ఆయన ఖాతాలో ఇంకా దాదాపు వెయ్యి డాలర్లు కదలకుండా కూర్చున్నాయి.

అసలు పంట భార్య నోట్లో పండింది. దవడ పన్నుకు రూట్ కెనాల్, ఆ పైన క్రౌను. ఇక్కడ మాత్రం ఆయన పనితనానికి దణ్ణం పెట్టాలి. రూట్ కెనాల్ డిసెంబరులోనూ, క్రౌను జనవరిలోనూ వచ్చేలా పొలం పంచినట్టు పంచాడు. రెండేళ్ళ పరిమితులూ చెరో సగం మోస్తాయి. ముందే ఇన్సూరెన్సు వాళ్ళచేత అంచనా కూడా రాయించుకున్నాడు. క్రౌను పన్నెండు వందలైతే, డిడక్టిబుల్ పక్కన పెడితే, తన చేతినుంచి ఆరు వందలు పడతాయి. దాన్నే ఆయన "ఆరు వందలు మిగిలాయి" అంటాడు.

"ఆషాఢం తగ్గింపులో నేను చీర కొని ఇదే మాటంటే, గంట ఉపన్యాసం ఇచ్చారు" అందావిడ, తాత్కాలిక క్రౌను మీద నాలుక తిప్పుకుంటూ.

వైద్యం ఖర్చులకని జీతంలోంచి పక్కన పెట్టుకునే ఎఫ్ఎస్ఏ ఖాతాలో మిగిలిన డాలర్లది వేరే కథ. వాటితో పద్దెనిమిది సన్‌స్క్రీన్ సీసాలు కొన్నాడు. ఆయన వాకింగుకు వెళ్ళేది రాత్రి భోజనం అయ్యాక.

ఇన్ని లెక్కల్లోనూ ఇమడని పన్ను ఒకటుంది. తణుకు నుంచి వచ్చిన వాళ్ళమ్మగారిది. ఇంట్లో నిజంగా పుచ్చిన పన్ను అదొక్కటే, అదీ నెట్‌వర్క్ బయట. కొడుకు ప్లానులో తల్లికి చోటు లేదు. విజిటర్ ఇన్సూరెన్సేమో పాత జబ్బులంటే మొహం తిప్పుకుంటుంది. ఆయన బాధపడుతుంటే ఆవిడే ఓదార్చింది. "ఉండనీరా. నాతో వచ్చింది, నాతోనే తణుకు వస్తుంది" అని, పంటికింద లవంగం పెట్టుకుని చేగోడీల పిండి కలపడానికి వెళ్ళింది.

ఆ చేగోడీలే డిసెంబరు 31 రాత్రి వాళ్ళింట్లో మాకు పెట్టారు. పదకొండున్నర ప్రాంతంలో నేను ఆయన పక్కనే కూర్చున్నాను. కటుక్కుమని చప్పుడైంది. చేగోడీ అనుకున్నాను. ఆయన మాత్రం అరచేత్తో దవడ మూసుకుని గోడ గడియారం వైపు చూశాడు. ఆ తర్వాత పన్నెండు దాకా మాట్లాడలేదు. అందరూ హ్యాపీ న్యూ ఇయర్ అని కేకలు పెడుతుంటే తల మాత్రం ఊపాడు.

పొద్దున్నే ఏడింటికి ఫోను. మనవడు పుట్టినంత సంబరంగా ఉంది గొంతు.

"తమ్ముడూ, పన్ను విరిగింది! క్రౌను తప్పేట్టు లేదు. సరిగ్గా పన్నెండుంబావుకి!"

ఇన్సూరెన్సు వాళ్ళకు పన్ను విరిగిన ముహూర్తంతో పని లేదు, వైద్యం జరిగిన తేదీయే వాళ్ళకు కావాలి. ఆ సంగతి నాకు చెప్పిందే ఆయన. డిసెంబరంతా దివిటీ పట్టుకుని వెతికిన పన్ను, పాత వెయ్యి డాలర్లు ఇంకా బతికుండగా, ఊళ్ళో క్లినిక్కులన్నీ మూసేశాక, అరగంట ముందు విరిగిందని ఆయన ఎవరితో చెప్పుకుంటాడు?

"పన్నెండుంబావుకేనండీ," అన్నాను. "నేనూ చూశాను."