నకలు మనిషి మాస్టారు

సాగర్ కుడికాలువ కింది పల్లెల్లో, ఉద్యోగ విరమణ తర్వాత నాలుగెకరాల పత్తి, మిరప చేలతోనూ పెట్టెడు ఇంగ్లీషు నవలలతోనూ కాలక్షేపం చేసే సైన్సు మాస్టార్లలో ఒక విశిష్ట వర్గం ఉంది. ఈ వర్గీయుణ్ణి గుర్తుపట్టడానికి శ్రమ అక్కర్లేదు, ఎందుకంటే గుంటూరు మిర్చియార్డులో కాటా ముందు వంతు కోసం కూర్చున్నచోటనే, పక్కవాడు అడిగినా అడగకపోయినా, మనిషిని ఇక్కడ మాయం చేసి మరోచోట మొలిపించే విధానాన్ని వివరిస్తూ ఉంటాడు.

అతని ప్రమాణగ్రంథం ఆల్జిస్ బడ్రిస్ 1960లో వెలువరించిన ‘రోగ్ మూన్’ నవల. అందులో టెలిపోర్టేషన్ అంటే, శరీరాన్ని అణువణువునా కొలిచి, ఆ కొలతలను సంకేతాలుగా పంపి, అవతల దొరికే పదార్థంతో తిరిగి నిర్మించడం; కొలత ముగిసేసరికి అసలు మనిషి అంతరించిపోగా, చంద్రుడి మీద ఒకడూ ప్రయోగశాలలో ఒకడూ తయారవుతారు, పైవాడు అక్కడి వింత కట్టడంలో చచ్చినప్పుడు కిందివాడు ఆ చావును మనసులో అనుభవిస్తాడు. అసలు పోయి నకళ్లు మిగిలితే మనిషి బతికినట్టా పోయినట్టా అన్న ప్రశ్న మాస్టారికి నిద్ర పట్టనివ్వదు గానీ, యార్డులో దానికి దక్కే ఆదరణ వేరు. బస్తాలో చెయ్యి పెట్టి గుప్పెడు కాయలు తీసి, రంగూ తేమా తాలూ ఒక్క చూపులో తేల్చే కమీషన్ వ్యాపారి, కథంతా ఓపిగ్గా విని, ‘పైకెళ్లినాయన పెట్టుబడికి తీసుకున్న డబ్బు కిందున్నాయన కడతాడా, మాస్టారూ?’ అని అడుగుతాడు. తాత్త్వికులకు కొరుకుడుపడని విషయాన్ని ప్రామిసరీ నోటు మీదికి తెచ్చిన ఈ ప్రశ్న, నిజానికి, తీసిపారేయదగ్గది కాదు.

ఓటమి ఒప్పుకోవడం ఈ వర్గం లక్షణం కాదు కనుక, అతడు పదహారో శతాబ్దంలోకి తప్పుకుని, పింగళి సూరన ‘కళాపూర్ణోదయం’లో ఇద్దరు రంభలు ఎదురుపడి తగవులాడుకునే ఘట్టాన్ని చూపి, ఇదంతా మనవాళ్లు ఎప్పుడో రాశారంటాడు, కలభాషిణి రంభ రూపం దాల్చడం వేషమే గాని నకలు కాదన్నవారిని సాహిత్యం తెలియనివారి కింద జమకడతాడు.

అసలు ఎవరన్నది కాక, జ్ఞాపకాలూ స్వభావమూ కొనసాగడమే ముఖ్యమని 1984లో తత్త్వవేత్త డెరెక్ పార్ఫిట్ చేసిన వాదాన్ని అతడు సంపూర్ణంగా సమర్థిస్తాడు. అందుకే నవల అరువడిగినవారి చేతిలో జిరాక్సు ప్రతి పెట్టి, అక్షరం తేడా లేనప్పుడు అసలుతో పనేమిటని నచ్చజెప్పి, అసలును బీరువాలో పెట్టి తాళం వేస్తాడు. జూన్‌లో పత్తి విత్తనాల కొట్టుకు వెళ్లినప్పుడు మాత్రం, ప్యాకెట్టును వెలుతురుకు తిప్పి లాట్ నంబరు రెండుసార్లు చదివి, బిల్లు మీద అదే నంబరు వేయించుకుంటే గాని కదలడు. అన్నీ ఒకేలా ఉన్నాయి కదండీ అని కొట్టతను విసుక్కుంటే, ‘రేపు చెట్టు కాయకపోతే నువ్వొచ్చి కాస్తావటయ్యా?’ అని కసురుకుంటాడు.