గ్రంథపాల సందేశం: టీకా తాత్పర్య సహితం

అవతారిక

మెదక్ సీమలోని కొల్చారం వాడిగా మనం చెప్పుకునే మల్లినాథ సూరి, కాళిదాస కావ్యాలకు వ్యాఖ్య రాస్తూ రెండు మాటలిచ్చాడు: ఆధారం లేనిది రాయను, అక్కరలేనిది చెప్పను. ప్రస్తుత వ్యాఖ్యాత మొదటి మాటకు కట్టుబడతాడు. రెండోదానికి కూడా కట్టుబడితే స్టాఫ్‌రూమ్‌లో మాట్లాడుకోవడానికి ఏమీ మిగలదు.

ఒకానొక గురుకుల పాఠశాల ఉపాధ్యాయుల వాట్సాప్ గ్రూపులో, రెండు గుడ్ మార్నింగ్ పువ్వులకూ ఒక పీఆర్సీ పుకారుకూ నడుమ వెలసిన సందేశమిది. చూసినవారెవరో నీలి టిక్కులు చెబుతున్నాయి. అర్థమైనవారెవరో చెప్పే టిక్కు ఇంకా పుట్టలేదు. కనుక ఈ టీక.

మూలం

అందరికీ నమస్కారం. పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్‌ను దీక్షా యాప్‌తో స్కాన్ చేయగలరు. వైఫై ఉన్నచోట ముందే డౌన్‌లోడ్ చేసుకోగలరు. కరెంటు పాఠానికి ఫెట్, కథల పీరియడ్‌కు స్టోరీవీవర్ చూడగలరు. ప్రశ్నపత్రాలు యూనికోడ్‌లో టైపు చేయగలరు. లింకు తెరుచుకోకుంటే లైబ్రరీకి రాగలరు.

ప్రతిపదార్థం

అందరికీ = గ్రూపును మ్యూట్‌లో పెట్టినవారితో సహా.

నమస్కారం = మంగళాచరణం. గ్రంథం నిర్విఘ్నంగా చదవబడుగాక అని ఆశంస. ఆ ఆశంస ఎందుకో పై నీలి టిక్కుల వల్ల తెలియును.

క్యూఆర్ కోడ్ = పాఠం పక్కన చీమలు బారు తప్పినట్టు కనిపించే నలుపు తెలుపు చదరం. వెనక బెంచీ చిత్రకారులు దానికి బాల్‌పెన్నుతో మీసాలు దిద్దడం కద్దు. మీసం మరీ గుబురైతే ఫోన్ గుర్తుపట్టదు. పక్క పిల్లవాడి పుస్తకం ఆశ్రయించునది.

దీక్షా = 2017 సెప్టెంబర్ 5న, ఉపాధ్యాయ దినోత్సవం నాడే ప్రారంభమైన ప్రభుత్వ వేదిక. అయ్యప్ప దీక్ష వలె దీనికి నలభై ఒక్క రోజుల నియమం లేదు. సహనమనే వ్రతం మాత్రం రెంటికీ సమానం.

వైఫై ఉన్నచోట = ప్రిన్సిపాల్ గారి గది కిటికీ దగ్గర అని సంప్రదాయజ్ఞులు.

ఫెట్ = నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ 2002లో కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టిన ప్రయోగాల గని. బ్యాటరీ, తీగ, బల్బు తెరమీదే కలిపి చూడవచ్చు. తీగను తప్పుగా కలిపితే మంట కూడా తెరమీదే లేచును. ల్యాబ్ స్టాకు రిజిస్టరులో రాయనక్కరలేదు. తెలుగులోనూ లభించును. ప్రయోగాన్ని ముందుగా దించుకుంటే నెట్ లేకున్నా నడుచును.

స్టోరీవీవర్ = ప్రథమ్ బుక్స్ వారు 2015లో తెరిచిన బాలల కథల కొలువు. కథలు తెలుగులో చదవవచ్చు, ప్రింటు తీసి గోడకు అంటించవచ్చు, ఇతర భాషల కథను పిల్లల చేత తెనిగింపజేయనూవచ్చు. రాసినవారి పేరు, బొమ్మలేసినవారి పేరు చెప్పడమే అక్కడ చెల్లించవలసిన మూల్యం.

చేయగలరు = సామర్థ్యాన్ని తెలిపేది కాదు, సర్క్యులర్ మర్యాద. ‘చేయాలి’ అంటే ప్రిన్సిపాల్ గారి పరిధిలోకి పోవును. ‘చేయండి’ అంటే సీనియర్లు నొచ్చుకొందురు.

ఛందస్సు, అలంకారం

వచనం. అంత్యప్రాస ‘గలరు’. యతి తగలవలసిన చోటల్లా చేతులు జోడించిన బొమ్మ.

పాఠాంతరం

‘ముందే’ అన్న మాట కొందరు మనసులో భద్రపరచుకున్న ప్రతుల్లో కనబడదు. ఆ లోపం వల్ల కలిగే అనర్థం: బడి గంట కొట్టాక, పిల్లలంతా తెరవైపు చూస్తుండగా, సారు గిరగిరా తిరిగే చక్రం చూపుతూ నిలబడటం. కాబట్టి ‘ముందే’ ఉన్న పాఠమే గ్రాహ్యం.

శంకా సమాధానాలు

శంక: ఏళ్ల తరబడి పాత డీటీపీ ఫాంటులో ప్రశ్నపత్రం కొడుతున్నాం, ఇప్పుడీ యూనికోడ్ ఎందుకని తెలుగు పండితుల వారు.

సమాధానం: ఆ పాత ఫాంట్లలో తెలుగు అక్షరం ఇంగ్లిషు అక్షరం కుర్చీలో కూర్చుంటుంది. అదే ఫాంటు లేని జిరాక్స్ షాపు కంప్యూటర్‌లో ఫైలు తెరిస్తే కుర్చీ అసలు యజమానులు లేచి వస్తారు. సంధి విడదీయమన్న ప్రశ్న పిచ్చి గీతలుగా మారుతుంది. యూనికోడ్‌లో ప్రతి తెలుగు అక్షరానికీ సొంత సంఖ్య ఉంది. ఫోన్‌లో కొట్టినది కంప్యూటర్‌లో తెరుచుకుంటుంది, వెతికితే దొరుకుతుంది, పోయినేడు పత్రంలో ఇచ్చిన ప్రశ్నే మళ్లీ ఇచ్చామేమో క్షణంలో తేలుతుంది. ఈ చివరి ప్రయోజనాన్ని కొందరు దోషంగా ఎంచుదురు.

శంక: గూగుల్ ఉండగా గ్రంథపాలకుడెందుకని లెక్కల సారు.

సమాధానం: గూగుల్‌ను ‘కరెంటు’ అని అడిగితే బిల్లు కట్టే పేజీ కూడా వచ్చును. అడిగినవారు పదో తరగతి ఇంగ్లిషు మీడియమా, ఏడో తరగతి తెలుగు మీడియమా, వారి పీరియడ్ మూడోదా ఏడోదా, వారి ఫోన్‌లో ఎంత జాగా ఉందో దానికి పట్టదు. గ్రంథపాలకుడికి అవన్నీ తెలుసు. పది లింకులు తెరిచి, పాడైనవి వదిలి, ఏది ఏ పాఠానికి పనికొచ్చునో చూసి రెండింటినే పంపాడు. ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో చెప్పిన పంచసూత్రాల్లో నాలుగోది ఇదే: చదువరి కాలాన్ని మిగల్చాలి. ఆ రంగనాథన్ 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి రాకముందు లెక్కల మాస్టారే కనుక, ఈ ప్రమాణాన్ని లెక్కల సారు కాదనలేరు.

ధ్వని

‘లైబ్రరీకి రాగలరు’ అన్నచోట వాచ్యార్థం స్పష్టం: లింకు తెరిచి చూపిస్తాను. వ్యంగ్యార్థం వేరు. ఎవరు సెలవు పెట్టినా ఆ తరగతికి సబ్‌స్టిట్యూషన్‌కు నన్నే పంపుతున్నారు. ఖాళీ క్లాసు కాపలాకు పిలిచినంత తరచుగా నా అసలు పనికీ పిలవండి అని. సహృదయులకు మాత్రమే వినబడును.

తాత్పర్యం

దొరకడం ఇప్పుడు కష్టం కాదు, ఏరడమే కష్టం. ఫార్వర్డ్ చేసేవాడు తనకు వచ్చినది పంపుతాడు. గ్రంథపాలకుడు మీకు కావలసినది పంపుతాడు. బీరువాలో పుస్తకం వెతికి చేతిలో పెట్టడమూ, లింకు ఏరి ‘ముందే దించుకోండి’ అనడమూ ఒకే వృత్తి.

ఫలశ్రుతి

ఈ సందేశాన్ని ఆదివారం సాయంత్రం కిటికీ దగ్గర నిలబడి ఆచరించినవారికి సోమవారం మొదటి పీరియడ్‌లో చక్రదర్శనం కలగదు. పరీక్ష ముందునాడు స్మరించినవారి ప్రశ్నపత్రం జిరాక్స్ షాపులో తెలుగుగానే ప్రత్యక్షమగును. చదవకనే బొటనవేలు బొమ్మ పెట్టినవారికి ఇదే సందేశం వచ్చే నెల, మరి రెండు ‘గలరు’లతో, పునర్దర్శనమిచ్చును.