గిటారు వాళ్లది, గోల మనది

రాక్ బ్యాండ్ల చరిత్ర రాసేవాళ్లకు పాటలకన్నా పగిలిన సామాన్ల జాబితా మీదే మక్కువ. ద హూ బ్యాండులో డ్రమ్ములు వాయించిన కీత్ మూన్ గురించి ఎవరు రాసినా, హోటల్ మరుగుదొడ్లలో టపాకాయలు పేల్చిన ముచ్చట చెప్పందే పేజీ తిప్పరు. లెడ్ జెపెలిన్ అనగానే 1973లో వాళ్లు అద్దెకు తీసుకున్న బోయింగ్ విమానం, అందులోని బారు గుర్తుకొస్తాయి. మోట్లీ క్రూ వాళ్లయితే ఇంకొకరికి ఆ శ్రమ కూడా ఇవ్వలేదు. తమ ఆగడాలన్నీ తామే గుదిగుచ్చి 2001లో ‘ద డర్ట్’ అని పుస్తకం వేసుకున్నారు. 2019లో అది నెట్‌ఫ్లిక్స్‌లో సినిమా కూడా అయింది. ఇక టూర్లు చెయ్యబోమని 2014లో పత్రికలవాళ్లను పిలిచి మరీ ఒప్పంద పత్రం మీద సంతకాలు చేసిందీ వాళ్లే, 2019లో ఆ పత్రాన్ని పేల్చేసి మళ్లీ బయల్దేరిందీ వాళ్లే. రాజకీయ సన్యాసాలు వినీ వినీ రాటుదేలిన మనకు అందులో వింతేమీ కనిపించదు.

ఈ కథలన్నిటినీ వడకడితే తేలే నీతి ఒకటే. గొప్ప కళాకారుడికి అదుపు ఉండకూడదు. అదుపులో ఉన్నవాడు గుమస్తా. టీవీని కిటికీలోంచి కిందికి విసిరినవాడు మేధావి, ఆ గాజుపెంకులు ఊడ్చిన ఆయమ్మ చరిత్రకు అక్కర్లేదు.

తెలుగువాళ్లం ఈ సూత్రాన్ని నేర్చుకుని ఊరుకోలేదు, మెరుగుపరిచాం కూడా. మనకు చెప్పుకోదగ్గ రాక్ బ్యాండ్లు తక్కువే. హైదరాబాదులో చౌరస్తా లాంటి బ్యాండ్లున్నాయి గానీ, పాపం, వాళ్ల పేర హోటల్ గది పగిలిందన్న వార్త నేనెక్కడా చదవలేదు. పాడటానికి వస్తారు, పాడి వెళతారు. అయినా మనకు రాక్‌స్టార్ల లోటు లేదు. దేవిశ్రీప్రసాద్ పేరు ముందు రాక్‌స్టార్ ఉంది, ఆయన చేతిలో వాయిద్యం ఉంది కాబట్టి సరిపెట్టుకోవచ్చు. మంచు మనోజ్ పేరు ముందు రాకింగ్ స్టార్ ఉంది, దానికి వాయిద్యంతో పని కూడా లేదు. మిగతా హీరోలకు బిరుదులు వేరేమో గానీ వైభోగం అదే. తేడా అంతా పగలగొట్టే పని ఎవరిదన్న దగ్గరే ఉంది. అక్కడ ఆ పని కళాకారుడే చేసుకోవాలి. ఇక్కడ కళాకారుడు జిమ్ముకెళ్లి, కొలతేసిన అన్నం తిని, పొద్దున్నే షూటింగుకు పోవాలి కాబట్టి తొమ్మిదింటికే పడుకుంటాడు. విధ్వంసం మొత్తం అభిమానులకు కాంట్రాక్టుకిచ్చేశాం. కూలి కూడా అక్కర్లేదు, ఎదురు టికెట్ డబ్బులు వాళ్లే ఇస్తారు.

గబ్బిలం సంగతి చూడండి. 1982 జనవరి 20న అమెరికాలోని డి మోయిన్ అనే ఊళ్లో ఆజీ ఆస్‌బోర్న్ పాడుతుంటే ప్రేక్షకుల్లోంచి ఒకడు గబ్బిలాన్ని స్టేజీ మీదికి విసిరాడు. అది రబ్బరు బొమ్మ అనుకుని దాని తల కొరికానని ఆయన తర్వాత చెప్పుకున్నాడు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లి రేబిస్ సూదులు పొడిపించారు. అంటే కొరికిందీ ఆయనే, సూది పోటు తిన్నదీ ఆయనే. లెక్క అక్కడికక్కడే చెల్లు.

మన తిరుపతిలో 2025 సంక్రాంతికి ‘డాకు మహారాజ్’ విడుదలైంది. చీకటితోనే ఆట. థియేటర్ ముందు అభిమానులు ఒక జీవాన్ని నిలబెట్టి నరికారు, నెత్తురు పోస్టరుకు పూశారు. వీడియో ఊరంతా తిరిగింది, జంతుప్రేమికులు ఫిర్యాదు చేశారు, పోలీసులు కొందరిని అరెస్టు చేశారు. ఏడుకొండలవాడి పాదాల దగ్గర, తెల్లారకముందే, బాలకృష్ణకు తెలియకుండానే ఆయన పేరు మీద బలి జరిగిపోయింది. ఆజీకి రేబిస్ సూది, ఇక్కడ కుర్రాళ్లకు కేసు. మేక మాత్రం టికెట్టు లేకుండా వచ్చి సినిమా చూడకుండానే పోయింది.

కుర్చీల సంగతీ అంతే. 2022 అక్టోబరులో ప్రభాస్ పుట్టినరోజుకి ‘బిల్లా’ మళ్లీ వేస్తే తాడేపల్లిగూడెంలో థియేటర్ లోపలే టపాకాయలు కాల్చారు, మంటలు లేచి సీట్లు కాలాయి. 2023 మేలో ‘సింహాద్రి’ మళ్లీ వేస్తే విజయవాడ అప్సర థియేటర్లోనూ అదే తంతు. రెండూ పాత సినిమాలే. కథ తెలుసు, డైలాగులు నోటికొచ్చు, విలన్ ఎప్పుడు చస్తాడో కూడా తెలుసు. తెలియంది ఒక్కటే, మంటలొస్తే తలుపు ఎటువైపు ఉందన్నది.

మా సూళ్లూరుపేటలో వి ఎపిక్ అని ఒక థియేటర్ ఉంది. 2019 ఆగస్టులో ‘సాహో’తో మొదలైంది. తెర వెడల్పు నూరడుగులు దాటుతుంది. దేశంలోనే పెద్ద తెరల్లో ఒకటని చెప్పుకుంటే మద్రాసు నుంచి కార్లేసుకుని వస్తారు జనం. రాకెట్లకు పేరుపడ్డ ఊరికి రెండో గొప్ప అది. అంత తెర కట్టింది చూడ్డానికని నేననుకుంటాను. ఇప్పుడు ఏ ఊళ్లో మొదటి ఆటకు పోయినా, హీరో తెర మీదికి రాగానే కుర్రాళ్లంతా లేచి ముందుకు పరిగెత్తి, తెరకు వీపు పెట్టి, ఫోన్‌లో తమనే తాము తీసుకుంటున్నారు. కాగితం ముక్కలు వానలా పడుతుంటాయి. హీరో వాళ్ల వెనకాల నిలబడి ఎక్స్‌ట్రా వేషం వేస్తుంటాడు. వీళ్లకు నూరడుగుల తెర దేనికి, అరచెయ్యంత ఫోన్ చాలు కదా!

ఇంతవరకు నవ్వుకోవచ్చు. నవ్వలేని చోటు ఫ్లెక్సీ కర్ర దగ్గర మొదలవుతుంది.

పెద్ద హీరో పుట్టినరోజుకు ముందు సాయంత్రం మా ఊళ్లో హైవే నుంచి లోపలికి తిరిగేచోట నిలబడండి. ట్రాలీ ఆటోలో ఫ్లెక్సీ చుట్ట దిగుతుంది. మా ప్రాంతంలో సరుగుడు తోపులకు కొదవ లేదు కాబట్టి కర్రలు సులువుగా దొరుకుతాయి. నలుగురు కుర్రాళ్లు కర్రలు నిలబెడతారు, ఒకడు ఆటో టాపు మీదికెక్కి కట్టుతీగ లాగుతుంటాడు, ఇంకొకడు ఎదురుగా రోడ్డు మధ్య నిలబడి “ఎడమ పక్కకురా, ఇంకొంచెం లేపు” అని చెబుతుంటాడు. హీరో బొమ్మ ఇరవై అడుగులు. కింద వరుసలో పాస్‌పోర్టు సైజు మొహాలు ఒక పదిహేను. ఎవడి మొహం ఎవడి పక్కన ఉండాలి, ఎవడికి కళ్లద్దాలు పెట్టాలి, ఎవడి పేరు తర్వాత ‘అన్న యూత్’ అని వెయ్యాలి అన్న విషయాల మీద రెండు రోజులు చర్చ నడిచి ఉంటుంది. అందులో నూరోవంతు చర్చ కూడా పైన వేలాడే కరెంటు తీగ గురించి జరగదు.

“తీగ చూసుకున్నారా అబ్బాయ్?” అంటే, “ప్రతేడూ కట్టేదే గదన్నా, మాకు తెలీదా ఏంది” అంటారు.

2020 సెప్టెంబరు 1 రాత్రి మన చిత్తూరు జిల్లాలోనే, కుప్పం పక్కన శాంతిపురం మండలంలో, పవన్ కల్యాణ్ పుట్టినరోజుకని పాతికడుగుల బ్యానర్ నిలబెడుతుంటే అది కరెంటు తీగలకు తగిలి ముగ్గురు కుర్రాళ్లు చనిపోయారు. 2023 జులైలో నరసరావుపేట దగ్గర తమిళ నటుడు సూర్య పుట్టినరోజు ఫ్లెక్సీ కడుతూ ఇద్దరు విద్యార్థులు పోయారు. వీళ్లెవరూ తాగి గది పగలగొట్టినవాళ్లు కాదు. కష్టపడి పని చేస్తున్నవాళ్లు. ఆ పని ఎవరిదన్నదే ప్రశ్న. హీరోలు సంతాపం చెప్పారు, శాంతిపురం కుటుంబాలకు సినిమావాళ్లు సాయం ప్రకటించారు, కాదనను. మరుసటేడు పుట్టినరోజుకి ఏ ఊళ్లోనైనా కర్రలు ఒక్క అడుగు పొట్టివయ్యాయా?

1980 సెప్టెంబరులో లెడ్ జెపెలిన్ డ్రమ్మర్ జాన్ బోనమ్ ఒక్కరోజులో నలభై పెగ్గుల దాకా వోడ్కా తాగి నిద్రలోనే పోయాడు. వయసు 32. అంతకు రెండేళ్ల ముందు కీత్ మూన్ పోయిందీ 32కే, అదీ మందు మానడానికి రాసిచ్చిన మాత్రలే మోతాదు మించి మింగి. రాక్ వైభోగం అని పుస్తకాల్లో మెరిసే బతుకులకు ఆఖరి పేజీలు ఇవి. అయితే ఒక్కటి ఒప్పుకోవాలి. బోనమ్ పోయాక, అతను లేకుండా తాము సాగలేమని మిగతా ముగ్గురూ ఆ డిసెంబరు 4న బ్యాండునే ఆపేశారు. ఊరూవాడా తిరిగి సంపాదించిన పేరును పక్కన పెట్టేశారు.

మనకూ ఒక డిసెంబరు 4 ఉంది. 2024లో హైదరాబాద్ సంధ్య థియేటర్లో ‘పుష్ప 2’ ముందురోజు ఆట. మన చిత్తూరు యాసకు దేశమంతటా పేరు తెచ్చిన సినిమాకు కొనసాగింపు. మామూలు టికెట్ ధర మీద 800 రూపాయలు అదనంగా వసూలు చేసుకోవచ్చని ప్రభుత్వమే అనుమతిచ్చింది. హీరో వచ్చాడు, జనం ఎగబడ్డారు, తొక్కిసలాటలో ఒక తల్లి చనిపోయింది, ఆమె కొడుకు నెలల తరబడి ఆసుపత్రిలో ఉన్నాడు. తర్వాత అరెస్టులు, బెయిళ్లు, పరిహారాలు, తెలంగాణలో ఇకమీదట బెనిఫిట్ షోలు ఉండవన్న ప్రకటనలు, టీవీల్లో చర్చలు, అన్నీ జరిగాయి. జరగనిది మ్యాట్నీ ఆగడం. బ్యాండులో మనిషి పోతే బ్యాండు ఆగుతుంది. అభిమాని పోతే వసూళ్ల పోస్టరు మీద మర్నాటి అంకె పడుతుంది.

ఈ మాట అంటే నాకు వచ్చే జవాబులు తెలుసు. వయసులో ఇవన్నీ మామూలే అంటారు. వయసుకు కర్ర పట్టుకోవడం వచ్చినప్పుడు తలెత్తి పైకి చూడ్డం ఎందుకు రాదు? సినిమా పిచ్చి లేకపోతే తెలుగువాడే కాదంటారు. సరే, పిచ్చికి మందు వెయ్యమని నేనూ అనడం లేదు, దారి మార్చమంటున్నాను. అది కుదరదంటారా, 1998లో మొదలైన చిరంజీవి బ్లడ్ బ్యాంకును చూడండి. అదే అభిమాని, అదే ఆవేశం, అదే నెత్తురు. పోస్టరుకు పూయకుండా సీసాలో పట్టించారు, అంతే. హీరో ఒక్క మాట అడిగితే అభిమాని చెయ్యి చాపుతాడని అప్పుడే తేలిపోయింది. కాబట్టి ‘మేమెంత చెప్పినా వినరండీ’ అనే హీరోల మాటకు నేను ఒక్క టికెట్ కూడా కొనను.

ఇక్కడ రాక్ చరిత్రలో అందరూ ఎగతాళి చేసిన ఒక కోరిక గురించి చెప్పాలి. వ్యాన్ హేలెన్ అనే బ్యాండు కచేరీ ఒప్పందంలో ఒక షరతు ఉండేది. తెర వెనక గదిలో మన జెమ్స్ బిళ్లల్లాంటి ఎం అండ్ ఎం మిఠాయిలు పెట్టాలి, గోధుమరంగువి మాత్రం ఒక్కటీ ఉండకూడదు. కొవ్వెక్కి అడిగారని లోకం తిట్టింది. అసలు సంగతి వాళ్ల గాయకుడు డేవిడ్ లీ రాత్ తర్వాత చెప్పాడు. వాళ్ల స్టేజీ సామగ్రి విపరీతమైన బరువు. నేల ఎంత మొయ్యాలి, కరెంటు ఎంత కావాలి అని ఒప్పందంలో పేజీలకు పేజీలు ఉండేవి. వాటిని నిర్వాహకుడు చదివాడా లేదా? గిన్నెలో గోధుమరంగు బిళ్ల కనిపిస్తే చదవలేదన్నమాట, వెంటనే మొత్తం సరంజామా మళ్లీ తనిఖీ చేసేవాళ్లు. రాక్ వైభోగంలో అన్నిటికన్నా పొగరుగా కనిపించిన కోరిక నిజానికి ఒక భద్రతా పరీక్ష. మనం వాళ్ల దగ్గర పొగరు నేర్చుకుని పరీక్ష వదిలేశాం.

పరీక్ష అంటే ఏంటో మా ఊరివాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. 2019 జులై 15 తెల్లవారుజామున 2 గంటల 51 నిమిషాలకు చంద్రయాన్-2 శ్రీహరికోట నుంచి లేవాలి. రాష్ట్రపతి వచ్చి కూర్చున్నారు. ఎక్కడెక్కడి జనమో నిద్ర మానుకుని ఆకాశం వైపు చూస్తున్నారు. ఇంకా 56 నిమిషాల 24 సెకన్లు ఉందనగా కౌంట్‌డౌన్ ఆపేశారు. ఎక్కడో తేడా కనిపించింది. రాష్ట్రపతి ఉన్నారు కదా, దేశమంతా చూస్తోంది కదా, ఎలాగోలా లేపేద్దామని ఎవరూ అనలేదు. వారం తర్వాత, జులై 22న, దర్జాగా లేచింది. ఆ రాత్రి షో క్యాన్సిలైందని కుర్చీలు విరగ్గొట్టిన వార్తా నేను చదవలేదు. ఇస్రో పెద్దలు ప్రయోగానికి ముందు మా చెంగాళమ్మకు మొక్కుతారు, మొక్కాం కదా అని చెక్‌లిస్టు పక్కన పడెయ్యరు. ఈ దేశంలో అన్నిటికన్నా పెద్ద మంట, అన్నిటికన్నా పెద్ద చప్పుడు చేసేవాళ్లకే అంత అదుపు ఉంటే, ఇరవై అడుగుల గుడ్డ కట్టేవాడికి ఎంత ఉండాలి?

అందుకని రాష్ట్ర అభిమాన సంఘాలకు నాదొక ముసాయిదా. ఇకనుంచి హీరోగారితో మనమే ఒప్పందం రాసుకుందాం. మొదటి షరతు: ఫ్లెక్సీ కట్టే ముందు లైన్‌మన్ వచ్చి కరెంటు ఆపాలి, ఖర్చు నిర్మాతది. రెండు: కాలిన ప్రతి కుర్చీ ఖరీదు హీరోగారి పారితోషికంలోంచి కోత. మూడు: మేకలు మొదటి ఆట చూసి క్షేమంగా ఇంటికి చేరాలి. నాలుగోది మన గోధుమరంగు బిళ్ల: విడుదలకు ముందు హీరోగారు స్టేజీ ఎక్కి, ఏదో ఒక ఊరి ఫ్లెక్సీ కింద వరుసలో ఉన్న పదిహేను మంది పేర్లూ కాగితం చూడకుండా చెప్పాలి. ఒక్క పేరు తప్పినా ఆట రద్దు, డబ్బు వాపసు.