స్టార్లు సర్దే కుర్రాళ్ళు

డ్రైవర్‌లో కామెంట్ రాయడం చేతకానివాణ్ణి మా రోజుల్లో డ్రైవర్ దరిదాపులకి రానిచ్చేవాళ్ళం కాదు. ఇప్పుడు కామెంట్ చదవడం చేతకానివాళ్ళు కూర్చుని కామెంట్లు దిద్దుతున్నారు. హైదరాబాద్ మైండ్‌స్పేస్ జంక్షన్ చుట్టుపక్కల ఏ అద్దాల మేడ ఎక్కినా ఇదే తంతు. స్టార్ పక్కన ఖాళీ లేదని ఒకడు, కామెంట్ మూసే గుర్తు విడి లైనులో లేదని ఇంకొకడు, పొద్దుట్నుంచి సాయంత్రం దాకా గుర్తులు సర్దుతూ ఉంటారు. ఆ గుర్తుల మధ్య ఏం రాసుంది నాయనా అని అడిగితే, "అది పాత కోడ్ సార్, మేం ముట్టుకోలేదు" అంటారు.

డ్రైవర్ రాస్తానంటే కారు డ్రైవర్ గురించి రాస్తాననుకునే చుట్టాలు నాకు ఇప్పటికీ ఉన్నారు కాబట్టి ఒక ముక్క చెప్పాలి. ఆపరేటింగ్ సిస్టమ్‌కీ, కంప్యూటర్లో గుచ్చిన కార్డుకీ మధ్య ఉండి పని జరిపించే ప్రోగ్రామ్ ఇది. మామూలు ప్రోగ్రామ్ రాసేవాడి తప్పొప్పులన్నీ వాడి కోడ్‌లోనే దొరుకుతాయి. డ్రైవర్ రాసేవాడికి అవతల ఒక చిప్ ఉంటుంది, దాని తిక్క దానిది. ఆ తిక్క కోడ్ చూస్తే తెలీదు. డేటాషీట్‌లో సగమే ఉంటుంది. మిగతా సగం చెప్పుకోవడానికి కామెంట్ తప్ప, అంటే కోడ్ మధ్యలో స్టార్ గుర్తులు పెట్టి మనుషుల కోసం రాసే మాట తప్ప, ఇంకో చోటు లేదు.

తొంభైల మొదట్లో నేను పనికి కుదిరింది బేగంపేటలో, మేడ మీద రెండు గదుల కంపెనీలో. బ్యాంకు బ్రాంచీల్లోకి అప్పుడప్పుడే కంప్యూటర్లు దిగుతున్నాయి. బ్రాంచికి ఒక యూనిక్స్ మిషను, దానికి వరసగా డంబ్ టెర్మినళ్ళు. టెర్మినల్‌కో సీరియల్ పోర్టు కావాలి. ఎనిమిదేసి పోర్టులుండే కార్డులకి మేం డ్రైవర్లు రాసేవాళ్ళం. చిప్ డేటాబుక్కు ఆఫీసు మొత్తానికి ఒక్కటే. అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత యూనిక్స్ పుస్తకం దొరికితే ఆ వారం పండగే. జాన్ లయన్స్ అనే ఆస్ట్రేలియా అధ్యాపకుడు డెబ్బైల్లో యూనిక్స్ ఆరో ఎడిషన్ సోర్సు మీద వ్యాఖ్యానం రాశాడు. అది అందరూ కొనుక్కునే పుస్తకంగా అచ్చయింది 1996లో. అంతదాకా ప్రపంచమంతటా జిరాక్సు కాపీలుగానే తిరిగింది. మా దాకా వచ్చింది ఎన్నో తరం జిరాక్సో, కొన్ని పేజీల్లో అక్షరాల కంటే మరకలే ఎక్కువ. అయినా వదల్లేదు. ఒకడి కోడ్ గురించి ఇంకొకడు రాసిన నాలుగు మాటల కోసం అంత ఆవురావురుమన్న కాలం అది.

చిప్ తిక్క అన్నాను కదా. ఐబీఎం పీసీ 1981లో వచ్చినప్పుడు దాని సీరియల్ కార్డు మీద ఉన్న చిప్ 8250. తర్వాత 16550 అని వచ్చింది, పదహారు బైట్లు దాచుకునే ఫైఫో ఉందన్నారు. ఉన్నమాట నిజమే, కానీ మొదట వచ్చిన రకంలో అది సరిగ్గా పనిచేయదు. 16550ఏ లో బాగుచేశారు. చివర ఉన్న ఆ 'ఏ' చూసుకోకుండా ఫైఫోని నమ్ముకుంటే అంతే సంగతులు. కాబట్టి కార్డు మీద ఉన్నది ఏ రకమో డ్రైవరే కనిపెట్టాలి. ఆ పరీక్ష ఎందుకు చేస్తున్నామో దాని నెత్తిన రాసిపెట్టేవాళ్ళం. ఆసిల్లోస్కోప్ ప్రోబు ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో టైపు చేసిన కామెంట్లవి. భాష చూస్తే నవ్వొస్తుంది, స్పెల్లింగులు సరేసరి. కానీ ఒక్కటీ ఊరికే రాసింది కాదు.

ముసలాడి సోది అనుకునేవాళ్ళు ఇవాళ్టి లినక్స్‌లో 8250 డ్రైవర్ తెరిచి చూడండి. పోర్టు మొదలుపెట్టే చోట నాలుగు రిజిస్టర్లు వరసగా చదువుతుంది: లైన్ స్టేటస్, వచ్చిన డేటా, ఇంటరప్ట్ గుర్తింపు, మోడెమ్ స్టేటస్. చదివిన విలువల్ని ఎక్కడా దాచుకోదు, పారేస్తుంది. కొత్తగా చూసేవాడికి శుద్ధ దండగ పనిలా ఉంటుంది. కానీ ఈ చిప్‌లో చదవడమంటేనే చెరపడం. లైన్ స్టేటస్ చదివితే పాత ఎర్రర్ గుర్తులు పోతాయి. డేటా చదివితే ఎప్పుడో వచ్చి పడి ఉన్న అక్షరం పోతుంది. మోడెమ్ స్టేటస్ చదివితే మారిన సిగ్నళ్ళ గుర్తులు పోతాయి. ఆ నాలుగు లైన్ల పైన, ఇంటరప్టు రిజిస్టర్లు ఖాళీ చేస్తున్నాం అనే అర్థం వచ్చే చిన్న కామెంట్ ఉంది. అది కూడా లేకపోతే ఏ ఉత్సాహవంతుడో ఈపాటికి ఆ నాలుగు లైన్లకీ నీళ్ళొదిలేసి ఉండేవాడు.

అలాగని మా కాలం కామెంట్లన్నిటినీ వెనకేసుకు రాను. ఫంక్షన్‌కో స్టార్ల పెట్టె కట్టేవాళ్ళు మా వాళ్ళు. నాలుగు వైపులా గోడలు. కుడిగోడ సరిగ్గా నిలబడాలని ఒక అక్షరం మార్చినప్పుడల్లా ఖాళీలు లెక్కపెట్టి సర్దడం. లోపల రాసినవాడి పేరు, తేదీ, మార్చినవాడి పేరు, మళ్ళీ తేదీ. అసలు ఫంక్షన్ ఏం చేస్తుందో రాయాల్సిన చోట ఫంక్షన్ పేరే మళ్ళీ రాసి ఉండేది. ఆ పేర్లూ తేదీలూ ఇప్పుడు గిట్ చూసుకుంటోంది, పీడా పోయింది. 2017లో లినక్స్ కెర్నల్ ఫైళ్ళ నెత్తిన ఉన్న లైసెన్సు పేరాలకి బదులు ఒక్క ఎస్‌పీడీఎక్స్ లైను చాలని పట్టుబట్టారు. అదీ మంచి పనే. సీ ఫైల్లో ఆ లైను రెండు గీతలతో, హెడర్ ఫైల్లో గీతా స్టారుతో రాయాలని మెలిక ఎందుకు పెట్టారంటే దానికీ ఓ కారణం ఉంది, హెడర్ ఫైళ్ళని అసెంబ్లర్ కూడా చదువుతుంది, పాత అసెంబ్లర్లకి రెండు గీతల కామెంట్ మింగుడుపడదు కాబట్టి. చూశారా, కారణం ఉన్న రూలు మీద నాకేం కోపం లేదు.

లినక్స్‌లో పెద్ద కామెంట్‌కి రూపం ఖాయం. తెరిచే గుర్తు ఒక లైనులో ఒంటరిగా ఉండాలి, తర్వాత ప్రతి లైనూ స్టార్‌తో మొదలవ్వాలి, మూసే గుర్తు మళ్ళీ ఒంటరిగా ఉండాలి. ఊరందరిదీ ఒక దారి అయితే ఉలిపికట్టెది ఒక దారి అని, నెట్‌వర్క్ డ్రైవర్ల వాళ్ళు మాత్రం తెరిచే గుర్తు పక్కనే మాట మొదలుపెట్టేవాళ్ళు. 2016లో లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ దాని మీద ఎలా విరుచుకుపడ్డాడో చదివినవాళ్ళు మర్చిపోరు. అయినా ఆ ఉలిపికట్టె రూలు ఊడింది 2024లో. ఎనిమిదేళ్ళు! ఒక స్టార్ పక్క లైన్లోకి జరగడానికి.

ఈ రూలు తప్పితే కేకలేయడానికి చెక్‌ప్యాచ్ అనే పెర్ల్ స్క్రిప్టు ఉంది, 2007లో వచ్చింది. లైను ఎనభై అక్షరాలు దాటితే అదే తిట్టేది. 2020లో దయతలచి నూటికి పెంచారు. మంచి పనిముట్టే, కొత్తగా రాసే కోడ్‌కి తప్పకుండా వాడాలి. కానీ 2008లో స్టేజింగ్ అని కెర్నల్లో ఒక డైరెక్టరీ తెరిచారు, ఇంకా కుదురుకోని డ్రైవర్లని ఉంచడానికి. కొత్తవాళ్ళు అక్కడ చెక్‌ప్యాచ్ ఫిర్యాదులు దిద్దుతూ ప్యాచ్ పంపే పద్ధతి నేర్చుకుంటారు. నేర్చుకోవడానికి అంతకంటే మంచి చోటు లేదు, ఒప్పుకుంటాను. మన దగ్గర ఏమైందంటే నేర్చుకోవడం అక్కడే ఆగిపోయింది. మాదాపూర్ హాస్టల్ గదిలో కూర్చుని ఒక ఖాళీ తీసేసి, ఒక స్టార్ దింపి, పొద్దున్నే లింక్డ్‌ఇన్‌లో 'లినక్స్ కెర్నల్ కంట్రిబ్యూటర్' అని వేసుకోవడం. అమీర్‌పేటలో ఎవరైనా ఇంకా దీనికి కోర్సు పెట్టకపోతే అది వాళ్ళ వ్యాపార దక్షత లోపమే. పనిచేస్తున్న పాత డ్రైవర్ల మీద కేవలం స్టైలు దిద్దుళ్ళు పంపితే రొదగానే చూస్తారని కెర్నల్ వాళ్ళ పత్రాల్లోనే ఉంది. అది చదివేదెవరు?

1998లో సైబర్ టవర్స్‌ని వాజ్‌పేయి ప్రారంభించినప్పుడు దాని చుట్టూ బండరాళ్ళే. కోఠి నుంచి 127కే బస్సెక్కి దిగితే ఎండలో నడకే. ఇప్పుడు అదే దారిలో క్వాల్‌కామ్, ఏఎండీ లాంటి చిప్ కంపెనీలు. 2022లో ఏఎండీ కొనేసిన జైలింక్స్‌కి ఇక్కడ ఎప్పట్నుంచో ఆఫీసుంది, మనవాళ్ళు రాసిన డ్రైవర్లు అక్కణ్ణించి నేరుగా లినక్స్‌లోకి వెళ్ళాయి. ఛాతీ ఉబ్బే విషయమే, కాదనను. కానీ ఇప్పుడు చాలా చోట్ల డ్రైవర్ రాసేవాడికి బోర్డు కంటికి కనబడదు. ఎక్కడో ర్యాకులో ఉంటుంది, నెట్‌వర్క్ మీద రీసెట్ చేసుకోవాలి. చిప్ వేడెక్కిందో లేదో వేలు పెట్టి చూసే భాగ్యం లేదు. చూడనిదాని గురించి కామెంట్ ఏం రాస్తాడు పాపం, ఉన్నవాటికి స్టార్లు సర్దుతాడు.

ఈ మధ్య ఒక కంపెనీలో, పేరెందుకు లెండి, జరిగింది చెప్తాను. పీసీఐ కార్డు డ్రైవర్. కార్డుని రీసెట్ చేయడానికి ఒక రిజిస్టర్లో బిట్ పెట్టాలి, పది మైక్రోసెకన్లు ఆగాలి, బిట్ తీసేయాలి. బిట్ పెట్టిన వెంటనే అదే రిజిస్టర్ని ఒకసారి చదివి, వచ్చిన విలువని ఓ వేరియబుల్‌లో పడేశాడు మొదట రాసినాయన. లైను చివర్న కామెంట్: రాత కార్డుకి చేరాలంటే ఇది చదవాలి, తీయొద్దు. ఎందుకంటే పీసీఐ మీద ప్రాసెసర్ రాసేశాననుకుంటుంది గానీ ఆ రాత దారిలో బ్రిడ్జి దగ్గర ఆగి ఉండొచ్చు. అదే కార్డు నుంచి ఏదైనా చదివితే, ముందున్న రాత చేరాకే జవాబు వస్తుంది. చదవకపోతే మన పది మైక్రోసెకన్లూ రాత దారిలో ఉండగానే మొదలైపోతాయి. కార్డుకి అందే రీసెట్ అందులో ఎంతో ఎవరికీ తెలీదు.

మొదటి కుర్రాడొచ్చాడు. లైను పొడుగైంది, చివర్న కామెంట్ బాలేదు అని, దాన్ని తీసుకెళ్ళి ఫంక్షన్ నెత్తిన, మిగతా కామెంట్లతో కలిపి, స్టార్లు వరసగా పేర్చి చక్కగా పెట్టాడు. చూడ్డానికి ముచ్చటగా ఉంది. కాకపోతే 'ఇది చదవాలి' అన్నదాంట్లో 'ఇది' ఏదో ఇప్పుడు ఆ దేవుడికే తెలియాలి. కొన్నాళ్ళకి రెండో కుర్రాడొచ్చాడు. విలువ పెట్టిన వేరియబుల్‌ని ఎక్కడా వాడలేదని కంపైలర్ హెచ్చరిస్తోంది. వేరియబుల్ తీశాడు, దానితో పాటు చదివే లైనూ తీశాడు. రెండు ప్యాచ్‌ల కిందా ఒకటే మాట: పనితీరులో మార్పేమీ లేదు. రెండింటికీ రివ్యూలో పచ్చజెండా. పండక్కి సున్నం కొట్టేవాడు గోడ మీద బొగ్గుతో రాసుకున్న పాలలెక్క కూడా కలిపి కొట్టేస్తే ఇంటావిడ ఊరుకుంటుందా? ఇక్కడ మేనేజర్లు ఊరుకున్నారు. కొన్ని మదర్‌బోర్డుల మీద, కొన్ని పూటల మాత్రమే, కార్డు కనబడటం మానేసింది. హార్డ్‌వేర్ వాళ్ళు పవర్ సప్లై అన్నారు, వాళ్ళని వీళ్ళు తిట్టారు. తిలా పాపం తలా పిడికెడు.

నన్ను పిలిచారు. ఏ లైను ఎవరిదో చెప్పే గిట్ బ్లేమ్ వేస్తే ఆ కామెంట్ ప్రతి లైను పక్కనా స్టార్లు సర్దినవాడి పేరే. అసలు రాసినాయన ఎవరో, ఏ బోర్డు మీద చూసి రాశాడో వెతకాలంటే పాతాళ గరిగె వేయాలి. ఖాళీల తేడా పట్టించుకోవద్దని గిట్‌కి చెప్పొచ్చు గానీ, వాక్యాలు తిరగరాసి లైన్లు విరిచాక ఆ పప్పులు ఉడకవు.

"ఏం బాబూ, ఈ కామెంట్ జరిపేముందు చదివావా?"

"స్టైల్ ప్యాచ్ కదా సార్. లాజిక్ జోలికి పోలేదు."

"మరి కామెంట్‌లో ఏముందనుకున్నావు?"

"చెక్‌ప్యాచ్ క్లీన్ వచ్చింది సార్."

పైన పటారం, లోన లొటారం. స్క్రిప్టుకి స్టార్లు తెలుసు, మాటలు తెలీవు. అది దాని తప్పు కాదు, దానికి ఎవరూ జీతం ఇవ్వడం లేదు.

ఇప్పుడింకో వైభోగం. కామెంట్లు ఏఐ చేత రాయిస్తున్నారు. బిట్ పెట్టే లైను మీద 'రీసెట్ బిట్ పెట్టు'. ఆగే లైను మీద 'పది మైక్రోసెకన్లు ఆగు'. ఎందుకు పదే, ఐదెందుకు కాదు అన్నదానికి మాత్రం చప్పుడుండదు. కోడ్ ఎలా పనిచేస్తుందో కామెంట్‌లో వివరించొద్దని కెర్నల్ స్టైలు పత్రం మొదట్నుంచీ మొత్తుకుంటోంది. ఇప్పుడు లైనుకో వివరణ, ఒక్క స్టారూ పక్కకి పోకుండా.

మా టీములో వరంగల్ నుంచి వచ్చిన ఒకమ్మాయి ఉంది. ఆ రీసెట్ దగ్గర తీసేసిన చదివే లైనుని మళ్ళీ పెట్టే పని తనకే ఇచ్చాను. "ఇది ఏ రివిజన్ కార్డు మీద బయటపడింది సార్? ఏ బోర్డుల మీద చూశారు? పది మైక్రోసెకన్లు డేటాషీట్‌లో ఏ పేజీ?" అని నా ప్రాణం తోడేసింది. చెప్పినవన్నీ కామెంట్‌లో రాసింది. లైను పైనే, ఏ లైను గురించో తెలిసేటట్టు. రివ్యూకి పెడితే ముగ్గురు స్పందించారు. ఒకడికి మొదటి లైను ఖాళీగా లేదని బాధ. ఇంకొకడికి వాక్యం చివర చుక్క లేదని బాధ. మూడోవాడు కామెంట్ మరీ పొడుగైంది, కుదించమన్నాడు. మొదటి రెండూ దిద్దమన్నాను. మూడోవాడికి జవాబు నేనే రాస్తానని చెప్పాను, ఆ అమ్మాయి నోటితో ఎందుకులే అని.