గోడ మనది, పెట్టె వాళ్లది

శ్రీనగర్ కాలనీలో సత్యసాయి నిగమాగమానికి నడిచి వెళ్లేంత దూరంలో ఉంటుంది మా అపార్ట్‌మెంటు. తొంభైల్లో కట్టారు. కింద కార్లు పెట్టుకునే చోట, కరెంటు మీటర్ల పక్కన గోడకు ఒక ఇనప్పెట్టె ఉండేది. టెలిఫోన్ వాళ్లు దాన్ని డీపీ అంటారు. వీధి చివర పిల్లర్ నుంచి భూమిలో వచ్చిన లావుపాటి కేబుల్ ఆ పెట్టెలో విడిపోయి, జంట తీగలుగా ఒక్కో ఫ్లాటుకూ ఎక్కేది. తలుపు లోపలివైపు ఏ జంట ఎవరిదో లైన్‌మన్ బాల్‌పెన్నుతో రాసుకున్న అట్టముక్క ఉండేది. ఏడో జంటకు ఎదురుగా 'సినిమా ఆఫీసు' అని ఉండేది.

రెండో అంతస్తులో అప్పట్లో ఒక నిర్మాతగారి ఆఫీసు నడిచింది. ఆ ఫోను ఎందరికి అన్నం పెట్టిందో నేను కళ్లారా చూశాను. కృష్ణానగర్‌లో గదులు అద్దెకు తీసుకున్న కుర్రాళ్లకు సొంత ఫోను ఎక్కడిది? ఓవైటీ (ఓన్ యువర్ టెలిఫోన్) పథకం కింద వేలకు వేలు డిపాజిట్ కట్టి కూడా వరసలో నిలబడాల్సిన రోజులు. చీటీ మీద ఈ నంబరు రాసి, అది వేరేవాళ్ల ఫోనని తెలిసేలా పక్కన 'పీపీ' అని పెట్టి, స్టూడియోల్లో ఇచ్చి వచ్చేవాళ్లు. రేపు పొద్దున ఏడింటికి షూటింగ్ అని కబురొస్తే ఆఫీసు బోయ్ సైకిలేసుకుని వెళ్లి చెప్పి వచ్చేవాడు. కాలనీ అంతా కరెంటు పోయినా ఆ ఫోను మోగేది. దానికి కావలసిన 48 వోల్టులు ఎక్స్ఛేంజీ బ్యాటరీల నుంచి ఆ రాగి తీగల మీదే వచ్చేవి.

ఇదంతా నాకెలా తెలుసంటే, నేను టెలిఫోన్స్‌లోనే పనిచేశాను. 2020 జనవరి 31న దేశమంతటా మా సంస్థలో 78 వేల మందికి పైగా ఒక్కరోజే స్వచ్ఛంద విరమణ తీసుకున్నారే, వాళ్లలో నేనూ ఉన్నాను.

సెల్‌ఫోన్లొచ్చాయి, తర్వాత ఫైబరొచ్చింది. ఒక్కొక్కరే ల్యాండ్‌లైన్ సరెండర్ చేశారు. చివరికి పెట్టె మిగిలింది, ఫోన్లు మిగల్లేదు. దాని కింద నేల మీద వాచ్‌మన్ సంసారం. విజయనగరం జిల్లావాడు. ఆ పెట్టె నెత్తిమీద పైడితల్లమ్మ ఫొటో పెట్టుకుని, పొద్దున్నే ఒక పువ్వు ఉంచేవాడు. భార్య నాలుగిళ్లలో అంట్లు తోమేది. కూతురు యూసుఫ్‌గూడ బడిలో చదివేది.

2024 దసరాకు ముందు బిల్డింగుకు రంగులేయిద్దామనుకున్నప్పుడు పెట్టె మాట వచ్చింది. "అందులో రాగి ఉంటుంది కదండీ, తుక్కువాడికి ఇచ్చేస్తే రంగు డబ్బాల ఖర్చన్నా వస్తుంది" అన్నారు మా అసోసియేషన్ ప్రెసిడెంటు గారు.

నేను ఒప్పుకోలేదు. గోడ మనది, పెట్టె వాళ్లది. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం పదో సెక్షన్‌లోనే ఉంది: పరాయి స్థలంలో తీగ లాగినంత మాత్రాన ప్రభుత్వానికి ఆ స్థలం మీద వాడుకునే హక్కు తప్ప మరే హక్కూ రాదు. అలాగే మన గోడకు ఉంది కదా అని ఆ సామాను మనది కాదు. కావాలని చెడగొడితే ఆ చట్టంలో మూడేళ్ల దాకా జైలు. 2023లో చేసిన కొత్త టెలికాం చట్టం పధ్నాలుగో సెక్షన్ కూడా భవనం వేరు, భవనంలో పెట్టిన నెట్‌వర్క్ వేరు అనే చెబుతుంది. ఆ సెక్షన్ 2024 జూన్ 26 నుంచి అమల్లో ఉంది. మాకు అక్కర్లేదు, వచ్చి తీసుకుపొండని ఉత్తరం రాయడమే మన పని అన్నాను. ఇలాంటి పెట్టెలు ఈ ఊళ్లో ఎన్ని అపార్ట్‌మెంట్లలో ఉన్నాయో! ఎవరివో, ఎవరిని అడగాలో తెలియక వాటి మీదుగా రంగు పూసేస్తుంటారు.

ఉత్తరం నేనే రాసిచ్చాను. తానే చూసుకుని, సంతకం పెట్టి, రిజిస్టర్ పోస్టులో పంపిస్తానని ప్రెసిడెంటు గారు తీసుకెళ్లారు. జవాబు రాలేదు. రంగుల వాళ్లు పెట్టె చుట్టూ వేసుకుపోయారు. అందరూ ఆ సంగతి మరిచిపోయారు.

మరుసటి ఏడాది వానాకాలంలో మా అమ్మాయి పురుడుకని విశాఖ వెళ్లాం. తిరిగొచ్చేసరికి గోడ మీద పెట్టె లేదు. కింద వాచ్‌మన్ లేడు. పైడితల్లమ్మ ఫొటో మీటర్ల కింద నేల మీద ఉంది.

ప్రెసిడెంటు గారు ఫోనులో సీసీ కెమెరా వీడియో చూపించారు. మిట్ట మధ్యాహ్నం ట్రాలీ ఆటో వచ్చింది. యూనిఫామ్ లేని మనుషులిద్దరు దిగారు. వాచ్‌మన్ వాళ్లకు స్టూలు వేశాడు. పెట్టె ఊడదీశాక ఒక కొస తాను పట్టుకుని ఆటో దాకా మోశాడు.

"చూశారా! దొంగలకు దారి చూపించడమే కాదు, మోసి మరీ ఎక్కించాడు."

"అడిగితే ఏమన్నాడండీ?"

"టెలీఫోనోలు వొచ్చి అట్టుకుపోనారు బాబూ, కాయితం మీద సంతకం ఎట్టమంటే ఎట్టినాను అన్నాడు. ఏది ఆ కాగితమంటే, ఆళ్లే అట్టుకుపోనారు అన్నాడు. కథలు! నెల జీతం ఆపేసి ఆ రాత్రే ఖాళీ చేయించాం. పోలీసుల దాకా వెళ్లలేదు, అంతవరకు వాడి అదృష్టం."

కూతురికి బడిలో టీసీ కూడా తీసుకోకుండా వెళ్లిపోయారట.

నేను కిందికి వెళ్లి గోడ చూశాను. బోల్టులు స్పానర్‌తో విప్పిన గుర్తులున్నాయి. ఫ్లాట్లకు వెళ్లే తీగలన్నీ ఒక కట్టగా కట్టి పక్కకు మడిచి ఉన్నాయి. భూమిలో నుంచి వచ్చిన కేబుల్ మొండానికి టోపీ తొడిగి, నీళ్లు దిగకుండా టేపు చుట్టి, గొట్టంలోకి తోసి ఉంది. రాగి దొంగలు కేబుల్‌ను గొడ్డలితో నరికి, అందినంత లాక్కుపోతారు. పోతూ పోతూ మొండాన్ని మూసి పోయే దొంగను నా సర్వీసులో ఒక్కణ్నీ చూడలేదు. ఆ మాటే ప్రెసిడెంటు గారితో అన్నాను. "మీ శాఖ మీద మీకు అభిమానం ఉంటుంది లెండి" అన్నారు.

మర్నాడు టెలిఫోన్ ఆఫీసుకు వెళ్లాను. నాకు తెలిసినవాళ్లెవరూ మిగల్లేదు. సీట్లో ఉన్న కుర్రాడు ఓపిగ్గా ఫైళ్లు తిరగేసి, మా బిల్డింగు కాగితాలు తీసి జిరాక్స్ ఇచ్చాడు.

ఆదివారం మీటింగులో అందరి ముందూ ఆ కాగితం పెట్టాను. తీసుకెళ్లిన సామాను రసీదు అది. పెట్టె, అందులోని మాడ్యూళ్లు, ఇన్ని మీటర్ల కేబుల్ అని వివరంగా ఉంది. పెట్టె పోయిందని మావాళ్లు గొడవ చేసిన రోజు తేదీయే ఉంది. 'భవనం తరఫున' అన్న చోట, ఒక్కో అక్షరం ఒత్తి ఒత్తి రాసిన తెలుగు సంతకం. వాచ్‌మన్‌ది.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత మూడో అంతస్తు ఆయన, "అది సరే, మనకో మాట చెప్పకుండా వాచ్‌మన్‌తో సంతకం పెట్టించుకోవడం ఏమిటండీ?" అన్నాడు.

ప్రెసిడెంటు గారికి ఊపిరి తిరిగింది. "అదే నేనూ అంటున్నాను! దొంగతనం కాకపోవచ్చు, ఒప్పుకుంటాను. కానీ మన తరఫున సంతకం పెట్టమని వాడికి ఎవరు చెప్పారు? ఎవర్ని అడిగి పెట్టాడు? తప్పు తప్పే."

నేను రెండో కాగితం తిప్పాను. మేం పంపిన ఉత్తరం అది. నేను రాసిచ్చిందంతా టైపులో ఉంది. దాని కింద, తన సంతకానికి సరిగ్గా పైన, ప్రెసిడెంటు గారు సొంత దస్తూరీతో కలిపిన మాటలున్నాయి. పైకి చదివాను:

"పగలు మేమంతా ఆఫీసుల్లో ఉంటాం. మీ మనుషులు వచ్చినప్పుడు మాకు ఫోన్ చేయనక్కర్లేదు. మా వాచ్‌మన్ చాలా నమ్మకస్తుడు. దగ్గరుండి సాయం చేసి, మా తరఫున సంతకం పెడతాడు."