ఇరవై అయిదు గేట్లు, ఒక్క బటను

చర్లలో పుట్టినవాడికి ఒక సంగతి చిన్నప్పుడే తెలిసిపోతుంది. మన వాకిట్లో జరిగేదానికి కారణం మన ఊళ్లోనే ఉండాలని లేదు. ఇక్కడ ఎండ మాడు పగలగొడుతుంటుంది. ఛత్తీస్‌గఢ్ అడవుల్లో ఎక్కడో కుండపోత పడుతుంది. తెల్లారేసరికి మా తాలిపేరు వాగు ఎర్రనీళ్లతో ఉరుకుతూ వస్తుంది. దాని మీద కట్టిన ప్రాజెక్టు 25 గేట్లనీ చూసుకుంటూ రిటైరైన వర్క్ ఇన్‌స్పెక్టర్ని నేను. అలాంటివాణ్ని మా అబ్బాయి కొనిచ్చిన కంప్యూటరు ముప్పుతిప్పలు పెట్టింది.

వాడుండేది హైదరాబాదులో. మూడొందల పైచిలుకు కిలోమీటర్ల అవతల నుంచి ఫోన్లో వైద్యం చేసేవాడు.

"నాన్నా, కింద ఎడమ పక్క ఏముంది?"

"పిల్లి పడుకుంది."

"స్క్రీన్ మీద నాన్నా!"

"దాని తోక స్క్రీన్ మీదే ఉందిరా."

ఆ సంక్రాంతికి వచ్చినప్పుడు కంప్యూటర్లో ఎనీడెస్క్ పెట్టి పోయాడు. టీమ్‌వ్యూయర్ 2005లో వస్తే ఇది 2014లో వచ్చిందట. రెండిటికీ పుట్టిల్లు జర్మనీయే. మన తెర మీది బొమ్మ నెట్లో వాడి దగ్గరికి పోతుంది, వాడి మౌసు కదలిక మన దగ్గరికి వస్తుంది. "నువ్వేం చెప్పక్కర్లేదు నాన్నా. అందులో కనిపించే నంబరు చదివి, యాక్సెప్ట్ నొక్కు చాలు" అన్నాడు.

మొదటిసారి బాణం తనంతట తాను కదలడం చూసి, డాక్టరు ముందు కూర్చున్నట్టు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. మా ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి కాసేపు చూసింది. "వీడే. చిన్నప్పుడూ ఇంతే, ఒక్కచోట నిలవడు" అంది.

బాణం వస్తోందన్న వార్త వీధంతా పాకింది. నాకు తెలిసింది కాలవ భాష ఒక్కటే కాబట్టి, ఇరుగుపొరుగు తెచ్చిన ప్రతి సందేహానికీ అందులోనే సమాధానం చెప్పేవాణ్ని. పడగ్గదిలో పరుగెత్తే వైఫై పెరట్లోకి ఎందుకు రాదు? చివరి ఆయకట్టుకు నీళ్లు ఎందుకు రావో అందుకే. 5 గిగాహెర్ట్జ్ ఉరవడి ఎక్కువే కానీ రెండు గోడలు అడ్డమొస్తే డీలా పడుతుంది. 2.4 నెమ్మదిగా పోయినా పెరటి దాకా పోతుంది. రూటరు ఆపి మళ్లీ వేస్తే ఎందుకు బాగవుతుంది? కాలవలో పేరుకున్న గుర్రపుడెక్క తీసినట్టు, లోపల చిక్కుపడ్డ లెక్కలన్నీ తుడుచుకుని మొదటినుంచి మొదలెడుతుంది. ఇంట్లో ఇన్వర్టరుంది కదా, కరెంటు పోతే నెట్టెందుకు పోయింది? నీ పొలంలో షట్టరు ఎత్తి ఉంటే ఏం లాభం, పైన తూము మూసేశాక? దారిలో ఉన్న పెట్టెలకూ కరెంటు కావాలి మరి.

2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులకు ఇస్తారు. మా ఊళ్లో కరెంటూ లేదు, నెట్టూ లేదు. ఆ రోజుల్లో మా ఆవిడ పొద్దుగూకగానే ఆ నల్లటి తెర వైపు చూసి "ఇవాళా రాలేదా?" అనేది. వరద తీసింది. బాణం వచ్చింది. ఆ రోజు మా ఇంట్లో పాయసం.

పోయిన ఎండాకాలం, కల్లాల్లో మిర్చి ఎత్తే రోజుల్లో ఒక ఫోనొచ్చింది. బ్యాంకు నుంచట. కేవైసీ ఆగిపోయిందట. "సార్, కంప్యూటర్లో ఒక యాప్ వేయాలి సార్." రిటైరయ్యాక నన్ను సార్ అన్నవాళ్లు లేరు. కరిగిపోయాను.

"కింద కుడి పక్క ఏముంది సార్?"

"మిరపకాయల బస్తా."

"స్క్రీన్ మీద సార్."

అరగంట గడిచింది. మా నెట్టు సంగతి తెలిసిందే కదా, యాప్ చుక్కచుక్కగా దిగుతోంది. సార్ కాస్తా "అంకుల్" అయింది. చివరికి "తాతా, చెప్పింది నొక్కు!" అని గసిరాడు. పాపం, మా అబ్బాయి ఇన్నేళ్లూ ఎంత ఓర్చుకున్నాడో ఆ క్షణాన తెలిసింది.

మొత్తానికి దిగింది. నంబరు చదివాను. యాక్సెప్ట్ బటను వచ్చింది. వేలు దాని మీదే ఉంది. వెనక నుంచి మా ఆవిడ గొంతు.

"ఏవండీ, ప్రాజెక్టు మీద ఉన్నప్పుడు ఎవరో ఫోన్ చేసి గేట్లెత్తండి అంటే ఎత్తేసేవాళ్లా?"

"భలేదానివే! చేసిందెవరో తేల్చుకోకుండా గేటు ముట్టుకుంటామా?" అన్నాను ఛాతీ విరిచి. అన్న తర్వాత నా మాట నాకే వినబడింది. ప్లగ్గు పీకేశాను.

సాయంత్రం అబ్బాయికి చెబితే తల పట్టుకున్నాడు. ఇలాంటి యాప్‌ల మోసం గురించి రిజర్వ్ బ్యాంకు 2019లోనే బ్యాంకుల్ని హెచ్చరించిందట. "మన లెక్క బ్యాంకు దగ్గరే ఉంటుంది కదా నాన్నా, వాళ్లకి మన తెరతో ఏం పని? ఎప్పుడైనా డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చెయ్యి" అన్నాడు.

తాలిపేరుకు 25 గేట్లు. కంప్యూటరుకు ఉన్నది ఒక్కటే. దానికి కాపలా నేనొక్కణ్నే. డ్యూటీలో చేరిపోయాను.

ఆదివారం అబ్బాయి ఫోన్ చేశాడు. "నాన్నా, నంబరు చదువు."

"ఆగు. నువ్వు మా వాడివేనని రుజువేంటి? నీ ఆరో తరగతిలో మీ అమ్మ కొత్త చెప్పులు ఏమయ్యాయో చెప్పు."

అటు కాసేపు చప్పుడు లేదు. తర్వాత గొంతు తగ్గించి, "పడవలని కాలవలో వదిలేశాను. నీకు తెలుసు కదా!"

ఫోను స్పీకర్లో ఉందన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది నాకు.

"కుక్క ఎత్తుకుపోయిందని చెప్పారు కదా ఇద్దరూ!" వంటింట్లోంచి వచ్చేసింది మా ఆవిడ, చేతిలో అట్లకాడతో.

గబుక్కున యాక్సెప్ట్ నొక్కాను. బాణం తెర మీదికి వచ్చింది. వచ్చి, మూలకు పోయి, కదలకుండా నిలబడింది.