సలహా సేటుది, సొమ్ము కొరియర్‌ది

కారు విడిభాగాల కొనుగోలు జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పట్టణాల్లో ఇప్పుడు మూడు పద్ధతుల్లో సాగుతోంది. దుకాణానికి వెళ్ళి అడిగి కొనడం పాత పద్ధతి. ఫోన్‌లో ఆర్డరిచ్చి ఇంటికి తెప్పించుకోవడం కొత్త పద్ధతి. దుకాణానికి వెళ్ళి, సేటుతో అరగంట మాట్లాడి, సామాను నంబరు తెలుసుకుని, మెట్లు దిగుతూనే ఫోన్‌లో ఆర్డరివ్వడం మూడోది. మొదటి రెండింటితో ఎవరికీ పెద్ద పేచీ లేదు. మూడోదాన్ని ఆచరించేవారు మాత్రం దానికి తెలివి అని పేరు పెట్టుకున్నారు. ఆ తెలివి ఎవరి ఖర్చుతో నడుస్తుందన్నదే ఇక్కడి విషయం.

ఈ పద్ధతికి ముందుగా కావలసింది పాత సామాను. అరిగిపోయిన బ్రేక్ ప్యాడ్‌నో, మోత పెడుతున్న బేరింగునో న్యూస్‌పేపర్లో చుట్టుకుని కొనుగోలుదారు కౌంటరు ముందుకొస్తాడు. "సేటూ, గిది ఉన్నదా?" సేటు దాన్ని చేతిలోకి తీసుకుని, బొటనవేలితో గ్రీజు తుడిచి, వెనకవైపు అంకెలను వెలుతురుకు పట్టి చూస్తాడు. బండి ఏ సంవత్సరానిదని అడుగుతాడు. పెట్రోలా డీజిలా అంటాడు. ఆర్‌సీ చూపించమంటాడు. లోపలికెళ్ళి రెండు డబ్బాలు తెస్తాడు. రెండూ విప్పి, పాతదాని పక్కన పెట్టి, కొస దగ్గర ఉన్న పిసరంత తేడా చూపించి, ఒక డబ్బాను పక్కకు నెడతాడు. "ఇగో, ఇది నీ బండిది." కొనుగోలుదారు ఆ డబ్బా మీది నంబరుకు ఫొటో తీసుకుంటాడు. ధర అడుగుతాడు. విన్నాక, "ఆన్‌లైన్ల ఇంకా తక్వకున్నది గద సేటూ" అంటాడు. ఆఖరున "మల్లొస్త" అంటాడు. మల్లొస్త అన్నవాడు తిరిగి వచ్చే సందర్భం ఒక్కటే: కొరియర్‌లో వచ్చింది బండికి పట్టనప్పుడు.

ఆ అరగంటలో సేటు అమ్మిందేమీ లేదు, ఇచ్చింది మాత్రం చాలా ఉంది. అదెంతో తెలియాలంటే బొలెరోను చూస్తే చాలు. ఈ మూడు జిల్లాల్లో పెళ్ళికీ చావుకీ ఎన్నికలకీ అదే బండి. మహీంద్రా కంపెనీ దాన్ని 2000లో తెచ్చింది. పేరు అప్పటినుంచీ ఒకటే, మొహం కూడా ఇంచుమించు ఒకటే, బానెట్ కింద సంగతి మాత్రం వేరు. తొలినాళ్ళలో ప్యూజో డిజైన్ ఇంజిన్, తర్వాత డీఐ టర్బో, ఆ తర్వాత ఎం2డీఐసీఆర్, 2016లో పవర్ ప్లస్‌తో ఒకటిన్నర లీటర్ల ఎంహాక్, 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 నిబంధన రాగానే దానికి మరో రూపం. "బొలెరో క్లచ్ ప్లేటు" అని ఫోన్‌లో వెతకడమంటే మహబూబాబాద్‌లో "రెడ్డిగారి ఇల్లెక్కడ" అని అడగడమే. ఆల్టో కథా అంతే. 2000లో వచ్చిన 796 సీసీ ఆల్టో ఒకటి, 2010 నాటి కే10 ఒకటి, 2012 నాటి ఆల్టో 800 ఒకటి, 2014లో మారిన కే10 ఒకటి, 2022లో మళ్ళీ పుట్టిన కే10 ఇంకొకటి. వెనక అద్దం మీది అక్షరాలు చూసి సామాను కొనేవాడికి ఇవన్నీ ఒకే బండి.

వీటిని వేరుచేసి చెప్పేది ఛాసిస్ నంబరు. పదిహేడు అక్షరాలు, అంకెలు. మారుతి బండ్లకు చాలావరకు ఎంఏ3తో, మహీంద్రాకు ఎంఏ1తో, టాటాకు ఎంఏటీతో మొదలవుతుంది. సున్నాతో, ఒకటితో పొరపాటు పడకుండా అందులో ఓ, ఐ, క్యూ అక్షరాలు వాడరు. ఆర్‌సీ మీద ఉంటుంది, బండి మీదా కొట్టి ఉంటుంది. ఆన్‌లైన్ దుకాణాల్లో మేలైనవి దీన్ని అడుగుతాయి. చాలావరకు అడగవు. బండి పేరు, సంవత్సరం ఎంచుకోమని, పచ్చరంగు టిక్కు పెట్టి "మీ కారుకు సరిపోతుంది" అని అభయమిస్తాయి. అభయం కింద సన్న అక్షరాల్లో ఇంకో మాట ఉంటుంది: కొనేముందు మీ మెకానిక్‌ను సంప్రదించండి. అంటే ఎక్కడో గోదాములో కూర్చున్న అమ్మకందారు కూడా చివరికి పంపేది జనగామ సేటు దగ్గరికో, ఆ పక్క షెడ్డుకో. సలహాకు అయ్యే ఖర్చు లేనందువల్ల కూడా అక్కడ ధర తక్కువ ఉంటుందన్న సంగతి ఆ సన్న అక్షరాల్లో రాయరు.

తెర మీద సలహా అసలే దొరకదనడం అన్యాయం. చుక్కలుంటాయి, అభిప్రాయాలుంటాయి. బ్రేక్ ప్యాడ్లకు ఐదు చుక్కలిచ్చిన మహానుభావుడి అభిప్రాయం సాధారణంగా ఇలా ఉంటుంది: ప్యాకింగ్ చాలా బాగుంది, ఇంకా బిగించలేదు.

ఇక చవక అన్న వాదన. కౌంటరు మీద 1,100 చెప్పిన ప్యాడ్లు తెర మీద 940 అనుకుందాం. మిగులు 160. ఈ 160 రూపాయలను కొనుగోలుదారు నలుగురికీ చెప్పుకుంటాడు, చెప్పుకోని లెక్క వేరే ఉంది. సామాను నాలుగో రోజున వస్తుంది. అందాకా బండి షెడ్డులో జాకీ మీద ఒంటికాలితో నిలబడుతుంది. ఆ నాలుగు రోజులూ ఆటో కిరాయిలు. వచ్చిన ప్యాడ్లు పడితే మెకానిక్ "బయటి సామాను అన్నా, నాది గ్యారంటీ లేదు" అని ముందే చేతులు దులుపుకుని, మజూరీ కాస్త పెంచి బిగిస్తాడు. పట్టకపోతే రిటర్న్ పెట్టాలి. ఈలోగా మెకానిక్ ఒకసారి బిగించి చూశాడు గనక ప్యాడ్ వెనక గ్రీజు వేలిముద్రలు పడి ఉంటాయి. వాడిన వస్తువు వాపసు తీసుకోబోమని ఆన్‌లైన్ దుకాణం మర్యాదగా చెబుతుంది. పావలా కోడికి ముప్పావలా మసాలా అన్న సామెత కార్లు రాకముందే పుట్టింది గానీ, పనికొచ్చేది ఇక్కడే.

భూపాలపల్లిలో ఈ లెక్క ఇంకాస్త పొడవు. జనగామకు సికింద్రాబాద్-కాజీపేట రైలు మార్గముంది, హైదరాబాద్-వరంగల్ హైవే కూడా ఉంది. మహబూబాబాద్ కాజీపేట-విజయవాడ లైను మీద ఉంది. భూపాలపల్లికి రైలే లేదు. సింగరేణి గనులు, చెల్పూరు దగ్గర 1,100 మెగావాట్ల కాకతీయ థర్మల్ కేంద్రం ఉన్న ఊరికి సామాను రావాలంటే పరకాల దాటి రోడ్డు మీదే రావాలి. బొగ్గు, ఇసుక లారీలు తిరిగే చోట కమాన్ పట్టీలకున్న గిరాకీ కారు బంపర్లకుండదు, దుకాణాల్లో సరుకూ అలాగే ఉంటుంది. కాబట్టి అక్కడి కారు యజమాని ఆన్‌లైన్ వైపు చూడటంలో న్యాయముంది. షిఫ్టు దిగి వచ్చేసరికి ఇంటి ముందు డబ్బా ఉంటే హాయే. ఆ డబ్బాలో ఉన్నది పక్క మోడల్‌దైతే మాత్రం హాయి ఇంకో వారం వెనక్కి పోతుంది.

ఇంతవరకూ చదివిన సేట్లు మీసం మెలేయాల్సిన పనిలేదు. "మన ఊరి దుకాణాలను బతికించండి" అన్న నినాదం వెనక వాళ్ళు దాచిన సరుకు కూడా కొంత ఉంది.

మొదటిది, ఊరి దుకాణంలో అమ్మేదంతా ఊరి దుకాణంలో ఉండదు. అడిగిన వస్తువు అరలో లేకపోతే సేటు "సాయంత్రం రా" అంటాడు. వెంటనే వరంగల్‌కో, సికింద్రాబాద్ రాణిగంజ్‌కో ఫోను పోతుంది. అక్కడి హోల్‌సేల్ వాడు అట్టపెట్టె కట్టి, మీద స్కెచ్ పెన్నుతో ఊరిపేరు రాసి బస్సెక్కిస్తాడు. 2020లో ఆర్టీసీ కార్గో సేవలు మొదలుపెట్టక ముందు ఆ పని డ్రైవరు సీటు పక్కన, ఓ టీ ఖర్చుతో జరిగిపోయేది. అంటే స్థానిక కొనుగోలు కూడా నిక్కంగా చూస్తే ఆర్డరు సరుకే. బస్సు కొరియరు, సేటు వెబ్‌సైటు. తేడా ఒక్కటే: తప్పు సామాను వస్తే తెల్లారి బస్సుకు వాపసు పంపే తలనొప్పి సేటుది, కొన్నవాడిది కాదు. ఆ 160లో ఈ తలనొప్పి వెల కూడా ఉందని సేటు ఎప్పుడూ చెప్పడు. చెప్పడం చేతకాక "రేటు గంతే" అంటాడు.

రెండోది, "ఒరిజినల్ కావాల్నా, లోకల్ కావాల్నా?" అన్న ప్రశ్న. ప్రశ్న వినడానికి నిజాయితీగా ఉంటుంది, జవాబే అరకొర. నిజానికి సామాను మూడు తరగతులు. కారు కంపెనీ పేరుతో వచ్చే డబ్బా ఒకటి. కారు కంపెనీలకు విడిభాగాలు చేసిచ్చే బ్రేక్స్ ఇండియా, లూకాస్ టీవీఎస్, రానే, బాష్ వంటి సంస్థలు తమ సొంత పేరుతో అమ్మే డబ్బా రెండోది. చాలాసార్లు నాణ్యతలో మొదటిదానికి తీసిపోదు, ధరలో తక్కువ. మూడోది డూప్లికేట్, అంటే మొదటి రెండింటి బట్టలు తొడుక్కున్నది. రెండోదాన్ని గురించి వివరంగా చెప్పే సేటు అసలైన సేటు. మూడోదాన్ని "లోకల్" అనే మర్యాదపూర్వకమైన పేరుతో చెలామణీ చేసేవాడు, కొనుగోలుదారును చేయి పట్టుకుని ఆన్‌లైన్‌కు అప్పగిస్తున్నాడు. అక్కడ డూప్లికేట్ దొరకదని కాదు, దానికి ఫొటో ఇంకా బాగుంటుంది.

మూడోది మెకానిక్ పర్సెంటేజీ. ఫలానా షాపులోనే తెమ్మని చిట్టీ రాసిచ్చే షెడ్డుకు ఆ షాపు నుంచి నెలాఖరున ఏదో ముడుతుందని అందరికీ తెలుసు. దాన్ని తప్పించుకోవడానికే కొందరు ఫోన్ పట్టుకున్నారు. వారి కోపం న్యాయమైనదే. కాకపోతే పర్సెంటేజీ పోగొట్టుకున్న మెకానిక్ దాన్ని మజూరీలో రాబట్టుకుంటాడు. అతనికీ ఇల్లుంది.

నాలుగోది గోడ మీది బోర్డులు. ఎలక్ట్రికల్ సామాన్లకు గ్యారంటీ లేదు. అమ్మిన వస్తువులు వాపసు తీసుకోబడవు. కొన్నిచోట్ల వీటికి మధ్య లక్ష్మీదేవి పటం. బిల్లు అడిగితే తెల్ల కాగితం మీద అంకె వేసి ఇవ్వడం, "బిల్లయితే జీఎస్టీ పడ్తది మరి" అని భయపెట్టడం ఈ బోర్డులకు అనుబంధం. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఆటో విడిభాగాలన్నింటికీ జీఎస్టీ ఒకే 18 శాతం అయింది, అంతకుముందు 28 శాతం పడే వాటికి కూడా. భయం మాత్రం పాత రేటులోనే ఉంది.

దూరం నుంచి సరుకు తెప్పించుకోవడం తప్పేమీ కాదు, కొత్తా కాదు. సరుకు అందుకునేటప్పుడు డబ్బు కట్టే వీపీపీ పద్ధతిని తపాలా శాఖ 1877లోనే మొదలుపెట్టింది, తెలుగు పత్రికల ప్రకటనలు తరాలపాటు దాని మీదే బతికాయి. వాచీకి డబ్బు కడితే ఇటుక వచ్చిందన్న కథ ప్రతి ఊళ్ళోనూ ఒకటి ఉండేది. అమెరికాలో వార్షావ్‌స్కీ అనే ఆయన 1915లో షికాగోలో పాత ఇనుప సామాను వ్యాపారం పెట్టాడు. అదే తర్వాత జె.సి. విట్నీ పేరుతో కారు విడిభాగాల కేటలాగు అయి, టపాలో దేశమంతా తిరిగింది. కానీ ఆ కేటలాగు చూసి ఆర్డరిచ్చినవాళ్ళలో ఎక్కువమంది కారు కింద తామే పడుకునేవాళ్ళు. స్పానరు పట్టినవాడే నంబరు వెతుక్కున్నాడు, తప్పయితే తానే అనుభవించాడు. మన దగ్గర నంబరు సేటుది, స్పానరు మెకానిక్‌ది, ఆర్డరు మాత్రం యజమానిది. ముగ్గురిలో బండి గురించి అందరికంటే తక్కువ తెలిసినవాడి చేతిలో మీట ఉంది.

సీటు కవర్లు, మొబైల్ హోల్డరు, మ్యాట్లు, టైర్లలో గాలి కొట్టే చిన్న పంపు ఎక్కడ కొన్నా నష్టం లేదు. ఛాసిస్ నంబరుతో సరిచూసుకుని, ధరలు పోల్చుకుని, సొంత తెలివితో ఆన్‌లైన్‌లో క్లచ్ సెట్ కొనేవాడికీ ఎవరూ అడ్డు చెప్పనక్కర్లేదు. ఆగిపోయిన మోడళ్ళ సామానుకు కొన్నిసార్లు అదే దిక్కు. బ్రేకులు, స్టీరింగు, సస్పెన్షన్ సామాను మాత్రం ఎదురుగా పెట్టి పోల్చి చూసుకుని కొనాల్సినవి.

బిల్లు, వాపసుల విషయంలో చట్టం రెండు పక్షాలకూ సమానంగానే చెప్పింది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అమ్మిన వస్తువుకు బిల్లు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి. లోపమున్న వస్తువును బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా వాపసు తీసుకోనని మొండికేయడమూ అంతే. లక్ష్మీదేవి పటం పక్కన ఉన్నంత మాత్రాన ఆ బోర్డు చెల్లదు. ఆన్‌లైన్ అమ్మకందారు ఏ రాష్ట్రంలో ఉన్నా, కొన్నవాడు తాను ఉండే జిల్లా పరిధిలోని వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. వస్తువుకు చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయల లోపైతే ఫీజు కూడా లేదు. కావలసిందల్లా బిల్లు.

కనుక సేట్లు బోర్డులు దించి బిల్లు పుస్తకాలు బయటికి తీయాలి. దానితోపాటు కౌంటరు మీద ఇంకో చిన్న బోర్డు పెట్టుకోవాలి: నంబరు చెప్పినందుకు 50 రూపాయలు, సామాను ఇక్కడే కొంటే బిల్లులో తగ్గించబడును. దగ్గుకు మందు ఎక్కడ కొన్నా చీటీ రాసిన డాక్టరుకు ఫీజు ఇస్తూనే ఉన్నారు. ఆ 50 ఇవ్వడానికి మనసొప్పనివాడు డబ్బాకు ఫొటో తీయకూడదు.